పందొమ్మిది ముంతల తోడుపిండి

అలెగ్జాండ్రియా, చుక్కాని సందు
27 జూన్ 1942

తంతా పట్టణంలో శనగలు వేయించే మా అన్నయ్య మిత్వల్లీకి,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: నేటి నుంచి నబవియ్యా రొట్టెల బట్టీకి వంకాయల పళ్ళెం పంపువారు వాటికి ముందుగా గాట్లు పెట్టి పంపవలెను. గాట్లు లేని వంకాయ లోపల పేలి పక్కింటివారి రొట్టెల మీద చిందినచో బట్టీ యజమానురాలు బాధ్యురాలు కాదు. పిల్లులకు ప్రవేశం లేదు. ఇద్రీస్ వాళ్ళమ్మకు ప్రవేశం ఉన్నది, ఆవిడ సలహాలకు లేదు. ఈ శాసనమును ధిక్కరించినవారి రొట్టెలు మాడ్చబడును.

దీన్ని బొగ్గుతో తలుపు మీద రాశాను. ఊరి గోడలన్నీ సైన్యం ప్రకటనలతో నిండిపోతుంటే నేనొక్కదాన్నే ఊరుకుంటే ఏం బాగుంటుంది? రాతలో తప్పులుంటే ఎంచకు. నాలుగేళ్ళు వీధిబడిలో కూచున్నాను. అయిదో ఏడు పంతులుగారి తలపాగా మడతల్లో పిండి పోస్తే, ఆయన ఒక్క తుమ్ము తుమ్మేసరికి పదిమంది పిల్లల మీద మంచు కురిసింది. నా చదువు ఆ మంచులోనే కప్పబడిపోయింది.

ఇక అసలు సంగతి. తోబ్రూక్ జర్మన్ల చేతిలో పడిపోయింది. ఆదివారం కాఫీ దుకాణం రేడియో చెప్పింది. అప్పట్నుంచి ఊరు ఊరుగా లేదు. వాళ్ళ సేనాపతి రోమెల్ మన ఊరి హోటల్లో సముద్రం వైపు కిటికీ ఉన్న గది కావాలని కబురు పెట్టాడట. చేపల సంత దగ్గర బట్టల కొట్టువాడు రెండు జెండాలు కుట్టించాడు. ఒకటి దుకాణం ముందు, ఒకటి పరుపు కింద. ఏ పూట ఏది ఎక్కడుండాలో తేలక మనిషి చిక్కిపోయాడు.

మన సందు ఖాళీ అవుతోంది. అందరూ నీ ఊరికే వస్తున్నారు, వాకిలి ఊడ్చి పెట్టుకో. ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళు రొట్టె పొంగడానికి కలిపే తోడుపిండి ముంతను బట్టీలో ఒప్పగించి వెళ్ళడం మన సందు ఆచారం కదా, రెండు రోజులుగా నా గుమ్మంలో ముంతల తిరనాళ్ళు. ఇప్పటికి పద్దెనిమిది చేరాయి, మన అమ్మ ముంతతో పందొమ్మిది. రోజూ ఒక్కోదానికి గుప్పెడు పిండి, కాసిని నీళ్ళు పోసి కలపాలి. ఒక్క పూట మరిస్తే చస్తాయి. అది చచ్చిన ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలగదంటారు. పందొమ్మిది మంది పసిపిల్లల తల్లినయ్యాను, అన్నయ్యా, పురుటినొప్పి లేకుండా.

ఇద్రీస్ వాళ్ళమ్మ చివరన వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా మా ఇద్దరికీ పడదని నీకు తెలుసు.

"నా పిండికి చల్లనీళ్ళు పోయకు. గోరువెచ్చగా పొయ్యి. దానికి దగ్గు" అంది.

"పిండికి దగ్గేమిటి?"

"నీ నోటి గాలి తగిలితే రాదూ!"

అని తిట్టి, ఇంటి తాళంచెవి నా చేతిలో కుక్కి, "తిరిగి రాలేకపోతే?" అంది. ఆ గొంతు అలా వినడం అదే మొదటిసారి.

"రాకపోతే నీ ఇంట్లో పిల్లుల్ని పెంచుతా" అన్నాను. తిట్టుకుంటూ రైలెక్కింది. తిడుతున్న మనిషి ఏడవదు కదా.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. హాజీ షిన్నావీ సందులో ఒంటెలా మెడ సాచి తిరుగుతున్నాడు. సందంతా కొని, కూల్చి, గిడ్డంగులు కడతాడట. బట్టీ పోతే సందు పోయినట్టేనని వాడికి తెలుసు, అందుకే ముందు నా దగ్గరికొచ్చాడు. "జర్మన్లు వచ్చాక దీన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు" అన్నాడు. "ఏం హాజీగారూ, జర్మన్లు రొట్టె తినరా?" అన్నాను.

నన్ను రమ్మని రాయకు. ఉన్నవాళ్ళు పోయినా, వచ్చేవాళ్ళు వచ్చినా, ఈ సందులో రొట్టె కాల్చేది నేనే. ఎద్దుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఈ లేగ ఎదురు తంతుంది.

నీ చెల్లెలు
నబవియ్యా


తంతా
1 జూలై 1942

చెల్లెలు నబవియ్యాకు, అల్లా నీకు బోలెడంత ఆయుష్షూ కాసింత బుద్ధీ ఇవ్వాలని కోరుతూ,

నీ శాసనం అందింది. దేశం తలకిందులవుతుంటే నీకు వంకాయలు గుర్తొచ్చాయి. నాన్న నిన్ను గారాబం చేసినందుకు ఇప్పటికీ నేనే అనుభవిస్తున్నాను.

మన సందువాళ్ళు మొన్న దిగారు. రైలు పెట్టెల మీద కూర్చుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మా వాకిట్లో పదకొండు కుటుంబాలు, మిగతావాళ్ళు చుట్టుపక్కల సర్దుకున్నారు. ఇద్రీస్ వాళ్ళమ్మ వచ్చిన గంటలో నా భార్య వంటిల్లంతా తిప్పిపెట్టింది. ఉప్పు ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నెలలు నిండుతున్న సత్తూత మాత్రం మాట్లాడదు, గుమ్మంలో కూర్చుని స్టేషను వైపు చూస్తుంది. ఆ పిల్ల మొగుడు ఓడరేవులోనే ఉండిపోయాడు కదా.

వినవే. పెద్దవాడిగా చెబుతున్నాను. షిన్నావీ ఇక్కడికీ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఆ బట్టీలో సగం నాది, కాగితం మీద నా ముద్ర కూడా పడాలి, అది నీకు తెలుసు. ఇటుకల కోసం మనిషి చావకూడదు. ఫిరంగులు అలమైన్‌కు వచ్చేశాయట. అక్కడినుంచి నీ గుమ్మానికి రైల్లో పూట ప్రయాణం. తలుపు మూసి రా. అమ్మ ముంత ఒక్కటి ఒళ్ళో పెట్టుకుని రా. మిగతావి పోతే పోనీ.

నీ అన్న
మిత్వల్లీ


అలెగ్జాండ్రియా
9 జూలై 1942

అన్నయ్యకు,

ముందుగా ఈ ఉత్తరం విప్పి చదివే సెన్సారు దొరగారికి సలాము. అయ్యా, ఇందులో ఉన్న రహస్యాలన్నీ పిండి గురించే. కత్తెర పక్కన పెట్టి టీ తాగండి.

ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌకలు వెళ్ళిపోయాయి, అన్నయ్యా. ఒక పొద్దున లేచి చూస్తే రేవు పళ్ళూడిన నోరులా ఉంది. పడమటి నుంచి మోత వస్తోంది, దూరాన ఎవరో పెద్ద తివాచీని దులుపుతున్నట్టు. మొదటిరోజు అందరం ఉలిక్కిపడ్డాం. ఇప్పుడు అది ఆగితే ఉలిక్కిపడుతున్నాం. జర్మన్లు అలమైన్ దగ్గర ఆగిపోయారంటున్నారు. ఆగారా, ఊపిరి తీసుకుంటున్నారా అన్నది ఎవరూ చెప్పరు.

నేను రాను. ఇటుకల కోసం కాదు. రేవు కూలీలు, ముసలి జాలర్లు, కదల్లేనివాళ్ళు, కదలనివాళ్ళు, వీళ్ళంతా ఎక్కడ తింటారు? బేరం పెట్టింది జర్మనువాడైనా ఇంగ్లీషువాడైనా నా ఇంటిని నన్నడక్కుండా పంచుకునే హక్కు ఎవడిచ్చాడు?

ఆడవాళ్ళకు చెప్పు, ముంతలు క్షేమం. ఇద్రీస్ వాళ్ళమ్మ పిండికి దగ్గు తగ్గింది గాని నోరు పెరిగింది, మూత తీస్తే చాలు బుసకొడుతుంది. సత్తూత పిండి భలే మొండిది, తెల్లారేసరికి ముంత దాటి బయటికొచ్చి గడప దాకా పాకింది. మొగుడి కోసమే అనుకుంటా. నేను చెవి పట్టుకుని లోపలికి తెచ్చాను. వడ్రంగివాళ్ళ పిండి అలిగింది, మూడు రోజులు పొంగలేదు. పక్కన ఇద్రీస్ వాళ్ళమ్మ ముంతను పెట్టి "ఇదిగో, ఈవిడతో కాపురం చెయ్యి" అన్నాను. భయానికి పొంగింది.

అమ్మ ముంత బాగుంది.

ఒక పని చేసి పెట్టు. రైల్లో నిప్పు ఎగదోసే మన అబ్దుల్ బారీ చేత ఒక సంచీ శనగలు పంపు. వేయించనివి. రాళ్ళతో, మట్టితో ఎలా ఉన్నా సరే, వేయించకూడదు. ఎందుకని అడక్కు. పావురాలకు.

నబవియ్యా


తంతా
22 జూలై 1942

నబవియ్యాకు,

ముప్ఫై ఏళ్ళుగా శనగలు వేయిస్తున్నవాణ్ణి వేయించని శనగలు అడిగింది నువ్వొక్కదానివే. స్వర్ణకారుడి దగ్గరికెళ్ళి మట్టి అడిగినట్టుంది. పంపాను. నువ్వు పావురాలు ఎప్పుడు పెంచావో నాకు గుర్తులేదు.

నీ ఉత్తరంలో సెన్సారు ఏమీ కొట్టేయలేదు. మొదటి ఉత్తరంలో మాత్రం ఒక్క మాట మీద నల్లసిరా పూశాడు. రెండో వంకాయ మీద. అందులో ఏం రహస్యం కనిపించిందో!

ఒక సంగతి చెప్పాలి. నీ ఉత్తరం నేను లోలోపల చదువుకుంటుంటే ఇద్రీస్ వాళ్ళమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "గట్టిగా చదువు. మా పిండి సంగతి ఏం రాసింది?" అంది. చదివాను. ఆవిడ పిండి బుసకొడుతుందన్న చోట వాకిలంతా గొల్లుమంది. "నా మీద రాసిందే, ముండ!" అంటూ ఆవిడా నవ్వింది. సత్తూత నవ్వింది. వచ్చిన నాటినుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. "మళ్ళీ చదవండి మామా, నా పిండి గడప దాకా వెళ్ళిన ముక్క" అంది. మూడుసార్లు చదివాను.

ఇప్పుడు టపావాణ్ణి చూస్తే చాలు అందరూ వాకిట్లో చేరిపోతున్నారు. కాబట్టి రాయి. నేను నిన్ను రమ్మన్న మాట అలాగే ఉంది, అది వెనక్కి తీసుకోలేదు. అయినా రాయి.

సత్తూతకు పురుడొచ్చే రోజులు. ఇక్కడి రొట్టె నోటికి రుచించడం లేదట, తన పిండిలోంచి ఒక ముద్ద పంపమంటోంది. అబ్దుల్ బారీ తెస్తాడు. అమ్మ పిండి కూడా ఒక చిటికెడు, నా కోసం.

మిత్వల్లీ


అలెగ్జాండ్రియా
27 సెప్టెంబరు 1942

అన్నయ్యకు,

ఆలస్యం నాది కాదు, రోమెల్‌ది. ఆగస్టు ఆఖర్న మళ్ళీ మీదికొచ్చాడు. దక్షిణం వైపు దిబ్బల్లోంచి చుట్టి రాబోయాడట, అక్కడే చితక్కొట్టి వెనక్కి పంపారట. వారం రోజులు ఆకాశం దుమ్ము రంగు తిరిగింది. బాంబులకు మన సందు చివర రెండు ఇళ్ళ గోడలు ఒరిగాయి. అవి ఖాళీ ఇళ్ళు, ఎవరూ పోలేదు. బట్టీకి ఒక్క పగులు. మట్టి మెత్తాను. ఇప్పుడు ఆ పగులు షిన్నావీ మూతిలా వంకరగా ఉంది, పొద్దున్నే దాని మీద నీళ్ళు చల్లి రోజు మొదలుపెడుతున్నాను.

సత్తూతకు మగపిల్లాడని అబ్దుల్ బారీ చెప్పాడు. దాని మొగుడు బట్టీ ముందు నిలబడి ఎడమచెప్పు కుడికాలికి వేసుకుని నవ్వుతున్నాడు.

తోడుపిండి మాత్రం పంపను. పిండికి రైలు పడదు. ఆ పొగ, ఆ కుదుపు! దారిలో డమన్‌హూర్ దాటేసరికే చచ్చిపోతుంది, తరవాత నన్నంటారు. వడ్రంగివాళ్ళ పిండి ఇప్పుడు ఎంత పొగరెక్కిందో చెప్పనా? సైరను కూసినప్పుడల్లా పొంగుతోంది. దాన్ని సైన్యంలో చేర్పించాలి. ఇద్రీస్ వాళ్ళమ్మ పిండి పక్క ముంతలకు సలహాలిస్తోంది. మూత మీద రాయి పెట్టాను.

కాఫీ దుకాణంలో రష్యా సంగతులే చెబుతున్నారు. అక్కడ నది ఒడ్డున ఒక ఊరుందట, ఇంటింటికీ, గదిగదికీ కొట్టుకుంటున్నారట. ఒక మెట్లవరస కోసం వారం. "పిచ్చివాళ్ళు, మెట్ల కోసం!" అన్నాడు బట్టల కొట్టువాడు. "నీకు పరుపు కింద దాక్కోవడమే తెలుసు, మెట్లెక్కడం తెలియదు" అన్నాను. ఆ ఊళ్ళో నాలాంటిదే ఒకతి ఉంటుంది, అన్నయ్యా. దాని బట్టీ ఎలా ఉందో.

అమ్మ పిండి కూడా రైలెక్కదు. అడక్కు.

నబవియ్యా


తంతా
16 అక్టోబరు 1942

నబవియ్యాకు,

రంజాన్ పండగ వెళ్ళింది. ఆడవాళ్ళు పరాయి పొయ్యిలో పండగ బిళ్ళలు కాల్చుకున్నారు. సగం మాడాయి. ఎవరూ పోట్లాడుకోలేదు. అదే నాకు భయమేసింది. మన సందు ఆడవాళ్ళు పండగ బిళ్ళలు మాడితే పోట్లాడుకోకుండా ఉండడం నా జన్మలో చూడలేదు.

దాచకుండా చెబుతాను. షిన్నావీ పండగ నాడే వచ్చాడు. వాకిట్లో నిలబడి అందరి ముందూ ఇలా అన్నాడు: "బట్టీ జూలైలోనే చల్లారింది. సందు నేలమట్టమైంది. ముంతలూ లేవు, మూకుళ్ళూ లేవు. ఆ నబవియ్యా చిన్నప్పటినుంచీ కోతలు కోసే మనిషి, ఉత్తరాల్లోనూ కోతలే కోస్తోంది." "మరి ముద్ద ఎందుకు పంపలేదు?" అంది వడ్రంగి భార్య మెల్లిగా.

పైగా నేనొక తప్పు చేశాను. జూలై మొదట్లో, నీ క్షేమం కోరే, బట్టీలో నా సగానికి ముద్ర వేస్తానని షిన్నావీకి మాటిచ్చాను. ఆ మాట నీకు రాయలేదు. ఇప్పుడు అతను దాన్నే అందరికీ చూపిస్తున్నాడు. "సొంత అన్నే వదులుకున్నాడు, మీరేం పట్టుకు వేలాడతారు?" అంటున్నాడు.

29వ తేదీ గురువారం కాగితాలు తెస్తాడు. ఆడవాళ్ళు రుమాలు ముడుల్లో దాచుకున్న ముద్రలు విప్పి పెట్టుకున్నారు. ఇద్రీస్ వాళ్ళమ్మ కూడా. నిన్న నాతో, "మిత్వల్లీ, చచ్చిన ఇంటికి కాపలా కాస్తున్నామేమో" అంది. తిట్టలేదు. మామూలు గొంతుతో అంది.

సూటిగా అడుగుతున్నాను, వేళాకోళం లేకుండా చెప్పు. ఆ ముంతలు బతికున్నాయా?

మిత్వల్లీ


అలెగ్జాండ్రియా
24 అక్టోబరు 1942

అన్నయ్యా,

నిన్న రాత్రి నుంచి ఆకాశం మొత్తం చప్పుడే. ఇలాంటిది ఎన్నడూ వినలేదు. బల్ల మీద గ్లాసులు వాటంతట అవే నడుస్తున్నాయి. ఈసారి మోత అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. మనవైపువాళ్ళే మొదలుపెట్టారు. మనవైపువాళ్ళంటే ఎవరో నన్నడక్కు, మనవైపు మనమే.

పోట్లాటకు తీరిక లేదు, ముద్ర గురించి నిన్ను తరవాత తిడతాను. పెద్ద తిట్టు, దాచి ఉంచుకో.

షిన్నావీ నాకు కోతలు అంటగట్టాడా? సరే. మాట కోతే అవుతుంది, రొట్టె కాదు. ఈ ఉత్తరంతో పాటు అబ్దుల్ బారీ ఒక గంప తెస్తాడు. అందులో పందొమ్మిది రొట్టెలున్నాయి, కలిసిపోకుండా ఏ ఇంటివాళ్ళు తమ రొట్టె మీద నొక్కే గుర్తు ఆ ఇంటి రొట్టె మీద వేశాను. గుడ్డ విప్పకు. గురువారం దాకా ఆగు. వాడు కాగితాలు పరిచాక, అందరి ముందూ విప్పు. ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ళ ఇంటి గుర్తు వాళ్ళనే వెతుక్కోమను.

అబ్దుల్ బారీ "బాంబుల్లో రైలు కదులుతుందో లేదో అక్కా" అన్నాడు. "కదలకపోతే నెట్టు" అన్నాను.

నబవియ్యా


తంతా
30 అక్టోబరు 1942, శుక్రవారం

నా చెల్లెలికి,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

షిన్నావీ బల్ల వేయించి, కాగితాలు పరిచి, సిరా మెత్త తెరిచి పెట్టాడు. ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. నేను గంప తెచ్చి ఆ కాగితాల మీదే పెట్టాను. "ఇదేమిటి?" అన్నాడు. "మా చెల్లెలి కోతలు" అన్నాను.

గుడ్డ విప్పేసరికి వాసన వాకిలంతా పాకింది. ముందు సత్తూత వచ్చింది, చంకలో పిల్లాడితో. ఒక్కొక్క రొట్టే తిప్పి చూసి, మూడు వేళ్ళ గుంటలున్నదాన్ని పట్టుకుని తన వేళ్ళు అందులో పెట్టి చూసుకుంది. "ఇది మా ఆయన వేళ్ళ గుర్తు మామా! నావి ఇంత లావు కాదు. ఆయన వచ్చి నొక్కాడు!" అని అరిచింది. ఇక చూడు, గంప మీద పడ్డారు. గవ్వ బొత్తాం గుర్తు వడ్రంగివాళ్ళు లాక్కున్నారు. చేపముల్లు గుర్తు కోసం ఇద్దరు తోడికోడళ్ళు కొట్టుకున్నారు. పండగ నాడు రావలసిన పోట్లాట నిన్న వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

చివరికి ఇద్రీస్ వాళ్ళమ్మ. తన రొట్టె మీద తాళంచెవి గుర్తు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దీనికి మధ్య పన్ను లేదు" అంది.

"అయితే మీది కాదన్నమాట" అన్నాడు షిన్నావీ ఆశగా.

"నోర్ముయ్. ఆ పన్ను మా ఆయన పెళ్ళయిన ఏడు తాగొచ్చి విరగ్గొట్టాడు. ఇది నా తాళంచెవే. తాళంచెవి ఉందంటే తలుపుంది. రొట్టె ఉందంటే బట్టీ ఉంది. నేలమట్టమైందన్నావే, నేల మీదే కాల్చిందా రొట్టెలు?"

"రొట్టెలు ఎవరైనా కాలుస్తారమ్మా..."

"ఈ వంకర ఎవరూ కాల్చరు. ముప్ఫై ఏళ్ళుగా ఎడమ పక్క మాడుస్తుంది, చెప్పినా వినదు. ఇదిగో, మాడింది చూడు!" అని ఆ రొట్టెను వాడి మూతి ముందు ఊపింది.

ముద్రలన్నీ మళ్ళీ రుమాలు ముడుల్లోకి వెళ్ళాయి. షిన్నావీ నా వైపు తిరిగి, "నువ్వు మాటిచ్చావు, మిత్వల్లీ" అన్నాడు. "ఇచ్చాను. భయపడి ఇచ్చిన మాట. అది నువ్వే ఉంచుకో" అన్నాను. నా జీవితంలో ఒక పెద్దమనిషితో అలా మాట్లాడటం ఇదే మొదలు. చాలా బాగుంది. ఇన్నేళ్ళూ నువ్వొక్కదానివే ఈ సుఖం అనుభవించావా?

అంగుస్తాను గుర్తు ఉన్న రొట్టె నాకు మిగిలింది. అమ్మ కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తాను. ఎవరికీ పెట్టకుండా తిన్నాను.

నీ అన్న
మిత్వల్లీ


అలెగ్జాండ్రియా
27 నవంబరు 1942

అన్నయ్యా,

ఈ ఉత్తరం తలుపేసుకుని ఒక్కడివే చదువు. చదివాక బాండీ కింద పెట్టి మంట చెయ్యి.

పడమటి మోత తగ్గుతూ తగ్గుతూ ఈ నెల మొదట్లో ఆగిపోయింది. రోమెల్ వచ్చిన దారినే పోయాడు. తోబ్రూక్ కూడా వదిలేశాడు. సముద్రం కిటికీ గది ఇంకా ఖాళీగానే ఉందట, ఆసక్తి ఉంటే రాయి. రష్యాలో ఆ నది ఒడ్డు ఊళ్ళో దూరినవాళ్ళ చుట్టూ ఇప్పుడు రష్యావాళ్ళే ఉచ్చు బిగించారని రేడియో చెప్పింది. ఆ మెట్లు దక్కించుకున్నారన్నమాట. బట్టల కొట్టువాడు పరుపు కింది జెండాతో లంగా కుట్టించి పెళ్ళానికిచ్చాడు.

మనవాళ్ళు మంగళవారం దిగారు. తలుపు మీద పాత శాసనం కింద నేనొక కొత్త వరస రాశాను: "పిల్లులకు ప్రవేశం కలదు. షిన్నావీకి లేదు." పందొమ్మిది ముంతలూ అరుగు మీద వరసగా పెట్టాను. ఒక్కొక్కరూ మూత తీసి వాసన చూడటం, "ఇదే, మా ఇంటి వాసన!" అని గుండెకు హత్తుకోవడం. సత్తూత ముంతను ఒక చంకన, పిల్లాణ్ణి ఒక చంకన పెట్టుకుని మొగుడికి రెండూ చూపించింది. వడ్రంగి భార్య "సైరను లేకపోయినా పొంగుతోందే!" అని మురిసిపోయింది.

ఇద్రీస్ వాళ్ళమ్మ మూత తీసింది. ఒకసారి వాసన చూసింది. రెండోసారి చూసింది. వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకుంది. నా చెవి దగ్గరికొచ్చి, "శనగ వాసనొస్తోందే" అంది.

నేను నోరెత్తలేదు. నోరెత్తకపోవడం నాకు చేతనవునని నాకే తెలియదు.

ఆవిడ వెనక్కి తిరిగి సందంతా వినబడేలా, "అవును, మాదే! ఇది నీళ్ళెక్కువ పోసి పాడుచేసింది గాని, మాదే!" అంది. అంటూ నా మోచేతి పైన గిల్లింది. ఆ గిల్లుడు ఇంకా నల్లగా ఉంది.

ఇప్పుడు విను. జూలై నాలుగున సైరను కూసింది. రెండు రోజులుగా పళ్ళేలు రాక బట్టీ చల్లగా ఉంది. సందు మొత్తంలో గట్టి కప్పు దేనిది? బట్టీ కడుపుదే. నాన్న రెండు వరసల ఇటుక పేర్చాడు కదా. అందుకని పందొమ్మిది ముంతలూ బట్టీలో పెట్టి, మూత చెక్క మూసి, దాని ముందే కూలబడ్డాను. ఎప్పుడు నిద్రపట్టిందో! తెల్లారి కళ్ళు మూసుకునే లేచాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు, అన్నయ్యా. లేచిన మనిషిని లేచినట్టే కింద పొయ్యి రాజేశాను.

వాసన వచ్చాక తెలిసింది. మంచి వాసన. అదే బాధ. చెక్క తీసేసరికి పందొమ్మిది ముంతల్లో పందొమ్మిది చక్కటి రొట్టెలు కాలి ఉన్నాయి. అమ్మ ముంతలోది అన్నిటికంటే బాగా పొంగింది. రేవు కూలీలకు పెట్టాను. "రోజూ ఇలాగే చెయ్యి తల్లీ" అన్నారు. ఆ రోజంతా పిండి తొట్టి మీద తల పెట్టుకుని కూర్చున్నాను. జర్మన్లు చెయ్యలేని పని నేను చేశాను.

రాద్దామనుకున్నాను. అప్పటికే షిన్నావీ నీ వాకిట్లో తిరుగుతున్నాడు. "అన్నీ చచ్చాయి" అని రాసిన మర్నాడే అందరూ ముద్రలు విప్పేవాళ్ళు. అందుకని బతికించాను, కాగితం మీద. నీ శనగలు పావురాలకు కాదు. నానబెట్టి, దంచి, మూతపెట్టి వెచ్చగా ఉంచితే నురగొస్తుందని, దానితో కొత్త తోడు పెట్టొచ్చని పక్క వీధి గ్రీకు ముసలమ్మ చెప్పింది. మూడుసార్లు కుళ్ళింది. నాలుగోసారి నిలిచింది. గంపలో వచ్చిన రొట్టెలు దానివే. మనవాళ్ళు వస్తున్నారనగానే ఆ ఒక్క ముద్దనే పందొమ్మిది ముంతల్లోకి పంచాను. ఇప్పుడు చుక్కాని సందులో ప్రతి ఇంట్లో పొంగేది నీ శనగలే. నువ్వు సగానికి ముద్ర వేస్తానన్నావు, మొత్తానికీ వేసి కూర్చున్నావు.

దాచి ఉంచుకోమన్న ఆ పెద్ద తిట్టు రద్దు చేస్తున్నాను. అమ్మ ముంత బాగుందని మూడు మాటలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. దానికి నువ్వే నన్ను తిట్టు, నేను వింటాను.

అంతకుమించి పశ్చాత్తాపం లేదు. తాళంచెవులు నిజం, గుర్తులు నిజం, ఎడమ పక్క మాడు నిజం. దగ్గిన పిండి, అలిగిన పిండి, గడప దాకా పాకిన పిండి, సైరనుకు పొంగిన పిండి, నువ్వు వాకిట్లో మూడేసిసార్లు చదివి అందరినీ నవ్వించిన ఆ పిండి మాత్రం లేదు, అన్నయ్యా. జూలై నాలుగు తరవాత ఒక్క ముంతా బతికి లేదు. అదంతా నేను కల్పించిందే.

నబవియ్యా